పాత కారుకు వారంటీ కొనాలా?



మొన్న ఆదివారం సాయంత్రం మా పక్కింటి అమ్మాయి చేతిలో ఒక కాగితంతో వచ్చింది. "పిన్నిగారూ, మీరు కాస్త చదివి చెప్పండి. ఎల్లుండి డబ్బు కట్టాలట" అంది. సంగతేమిటంటే, వాళ్ళు ఆరేళ్ళు వాడిన కారొకటి 4 లక్షల 50 వేలకు బేరం చేసుకున్నారు. పిల్లల స్కూలు ఒక మూల, ఆయన ఆఫీసు ఒక మూల, మోకాళ్ళ నొప్పులతో అత్తగారు. కారు వాళ్ళకి సోకు కాదు, అవసరం. చిట్టీ పాడిన డబ్బూ, తను దాచుకున్నదీ కలిపితే సరిగ్గా సరిపోయింది. తీరా సంతకాల దగ్గరకు వచ్చేసరికి అమ్మేవాళ్ళు, "ఇంకో 18,000 కడితే ఏడాదిపాటు వారంటీ ఇస్తాం. ఏమొచ్చినా మాదే పూచీ" అన్నారట. ఆయనేమో "కట్టేద్దాం, నిశ్చింతగా ఉంటుంది" అంటారు. అత్తగారేమో "బండే పాతది, దానికి మళ్ళీ పూచీ ఏమిటి?" అంటారు. మధ్యన నలుగుతున్నది ఈ పిల్ల.

ఈ చిక్కు ఆ ఒక్క ఇంట్లోదే కాదు గదా! అంచేత ఆ కాగితం ముందు పెట్టుకుని మేమిద్దరం చేసిన ఆలోచన మీతోనూ చెబుతాను.

మొట్టమొదట ఒక పొరపాటు తొలగించుకోవాలి. వారంటీ వేరు, ఇన్సూరెన్సు వేరు. కారు దేనికైనా గుద్దుకున్నా, దొంగలెత్తుకుపోయినా, ఆదుకోవలసింది ఇన్సూరెన్సు. అదైనా పూర్తి ఇన్సూరెన్సు అయితేనే. ఎదుటివారికి జరిగిన నష్టం మాత్రమే భరించే పాలసీ అయితే మన బండికి పైసా రాదు. వారంటీ సంగతి అది కాదు. బండి మామూలుగా నడుస్తూ ఉండగా లోపలి భాగం ఏదైనా తనంతట తాను చెడిపోతే, దాన్ని బాగుచేయించే పూచీ అది. అందులోనూ అన్ని భాగాలకీ కాదు.

మనకు తెలిసిన వస్తువుతో చెప్పుకుందాం. ప్రెషర్ కుక్కర్ కొన్నప్పుడు ఏళ్ళకేళ్ళు గ్యారంటీ అని కార్డు ఇస్తారు. తీరా చూస్తే గాస్కెట్టు, సేఫ్టీ వాల్వు అందులో చేరవు. మరి మన వంటింట్లో తరచు పోయేది ఏమిటి? గాస్కెట్టే కదూ! కారుకూ అలాంటి గాస్కెట్లు చాలా ఉన్నాయి. టైర్లు, బ్యాటరీ, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, వైపర్లు, బల్బులు, రబ్బరు గొట్టాలు, ఆయిలు, ఏసీ గ్యాసు. వాడగా వాడగా అరిగిపోయేవీ, తరిగిపోయేవీ ఇవన్నీ. వీటిని సాధారణంగా వారంటీ ఒప్పుకోదు. ఇంజను లోపలి భాగాలు, గేర్ బాక్సు, కొన్ని కాగితాల్లో ఏసీ కంప్రెసరు, స్టీరింగు మోటారు వంటివి ఒప్పుకుంటుంది. పాత కారులో ఎక్కువగా ఖర్చు పెట్టించేవి మాత్రం మొదటి జాబితాలోవి. "ఏమొచ్చినా మాదే పూచీ" అన్న మాటకూ, కాగితంలోని అచ్చుకూ అంత దూరం ఉంటుంది. నోటిమాట నమ్మకండి, అచ్చు చదవండి.

ఆ అచ్చులో ఏం చూడాలి? మేము చూసినవి ఇవి.

ఒకటి, పూచీ ఎవరిది? కారు తయారుచేసిన కంపెనీదా, అమ్మే దుకాణానిదా, లేక మనం పేరు వినని మూడో సంస్థదా? దుకాణం రేపు మూతపడితే అడగవలసింది ఎవరినో ఇవాళే తెలియాలి.

రెండు, ఎంతవరకు ఇస్తారు? ఒక్కో రిపేరుకు ఇంత, ఏడాది మొత్తానికి ఇంత అని హద్దు ఉంటుంది. కొన్నిటిలో ప్రతి రిపేరుకూ మొదటి కొంత సొమ్ము మనమే పెట్టుకోవాలి.

మూడు, ఎప్పటినుంచి? కొన్ని వారంటీలు మొదటి కొన్ని వారాలు చెల్లవు. కొనేనాటికే ఉన్న లోపమని తేలితే అసలే చెల్లదు.

నాలుగు, మన మీద పెట్టే షరతులు. చెప్పిన గడువులో, చెప్పిన చోటే సర్వీసు చేయించాలి. రసీదులు దాచాలి. బండి ఆగిపోగానే వీధి చివరి మెకానిక్‌ని పిలిచి ఇంజను విప్పించామా, ఇక అంతే సంగతులు. ముందు వాళ్ళకు ఫోను చేసి ఒప్పుకోలు తీసుకోవాలి. ఇంజను వేడెక్కిందని ఎర్రదీపం వెలిగాక కూడా "ఇల్లు దగ్గరేగా" అని నడిపిస్తే, తప్పు మనదే అంటారు.

నాలుగో షరతు చిన్నదనుకోకండి. మా బంధువులింట్లో ఇలాగే డబ్బు కట్టారు. మే నెల ఎండల్లో ఏసీ ఆగిపోయింది. తీసుకెళ్ళి చూపిస్తే, అంతకుముందు చేయించవలసిన సర్వీసు రెండు నెలలు ఆలస్యమైందని కాగితం చూపించి తిప్పి పంపేశారు. ఆ ఆలస్యం ఎందుకంటే, ఇంట్లో పురుడు! కాగితానికి పురుడూ పుణ్యం తెలియవు కదా.

ఇక లెక్కకు వద్దాం. వారంటీ ఒప్పుకునే పెద్ద రిపేరు ఒకటి 36,000 అవుతుందనుకుందాం. మనం కట్టేది 18,000. ఆ డబ్బు గిట్టుబాటు కావాలంటే, ఇలాంటి కార్లు రెండుంటే ఏడాదిలో ఒకదానికి అంత రిపేరు వచ్చి తీరాలి. రెండింట ఒకటి! అంత అధ్వాన్నమైన బండి అయితే వారంటీ కొనడం కాదు, ఆ బండినే కొనకూడదు. ఇంకో వైపునుంచి చూడండి. అందరి దగ్గరా వసూలు చేసిన సొమ్ములోంచే ఆ సంస్థ రిపేర్లు చేయించాలి, అమ్మినవాళ్ళకి కమీషను ఇవ్వాలి, జీతాలివ్వాలి, లాభం చూసుకోవాలి. కనుక అందరినీ కలిపి చూస్తే, కట్టినదానికంటే తిరిగి వచ్చేది తక్కువే అయి ఉండాలి.

"అయితే ఎవరూ కొనకూడదా పిన్నిగారూ?" అని అడిగింది ఆ అమ్మాయి. అలా అనకూడదు. అప్పుడప్పుడు లెక్కకంటే ధైర్యం విలువ ఎక్కువ. ఒక్కసారిగా 60, 70 వేలు ఖర్చు మీదపడితే అప్పు చేయాల్సిన ఇల్లు ఒకటుంది. అదే ఖర్చు బ్యాంకులోంచి తీసి పెట్టుకోగల ఇల్లు ఒకటుంది. మొదటి ఇంటికి పూచీ అవసరం ఎక్కువ. అలాగే బండి రకం కూడా చూడాలి. చేత్తో గేర్లు వేసే చిన్న పెట్రోలు కారుకు పనిచేసే మెకానిక్కులూ, విడిభాగాలూ ఊరంతా దొరుకుతాయి. ఆటోమేటిక్ గేర్ బాక్సు ఉన్నదీ, టర్బో ఉన్న డీజిలు బండీ అయితే ఒక్క భాగం పోయినా ఖర్చు పెద్దది. అలాంటివాటికి తయారీ కంపెనీయే ఇచ్చే వారంటీ, ఆ భాగాలను స్పష్టంగా పేర్కొంటూ దొరికితే, ఆలోచించదగ్గదే.

ఇంకో మాట మరచిపోకండి. నాలుగైదేళ్ళలోపు బండి అయితే, మొదటి యజమాని కొన్న కంపెనీ వారంటీ ఇంకా మిగిలి ఉందేమో అడగండి. ఉదాహరణకు మారుతి కంపెనీ 2024 జూలై నుంచి కొత్త కార్లకు 3 ఏళ్ళు లేదా లక్ష కిలోమీటర్లు వారంటీ ఇస్తోంది. అంతకుముందు అది 2 ఏళ్ళు, 40,000 కిలోమీటర్లు. కొందరు దానిపైన డబ్బు కట్టి పొడిగించుకుంటారు కూడా. అది కొత్త యజమాని పేరుకు ఎలా మారుతుందో కంపెనీ సర్వీసు సెంటరులో అడిగితే చెబుతారు. ఉన్న పూచీనే మళ్ళీ డబ్బిచ్చి కొనుక్కోవడం ఎందుకు? అలాగే కారుకు అప్పు తీసుకునేవాళ్ళు, ఈ వారంటీ సొమ్మును కూడా మెల్లిగా ఆ అప్పులో కలిపారేమో చూసుకోండి. కలిపితే దానిమీదా వడ్డీ కడుతూనే ఉంటాం.

వారంటీ కంటే ముందు పెట్టవలసిన ఖర్చు ఒకటుంది. అమ్మేవాళ్ళకు సంబంధం లేని మెకానిక్‌ని తీసుకెళ్ళి బండి చూపించడం. ఆయన కూలి వారంటీ సొమ్ములో ఒక చిన్న భాగం. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించమనండి. స్కానరు పెట్టి కంప్యూటరులో దాగిన లోపాలు చదవమనండి. కంపెనీ సర్వీసు చరిత్రలో ఏ తేదీకి ఎన్ని కిలోమీటర్లు రాశారో చూసి, మీటరుతో పోల్చండి. నిరుడు 70,000 అని రాసి ఉండి ఇవాళ మీటరు 48,000 చూపిస్తే ఇక మాట్లాడేదేముంది!

2020 అక్టోబరులో హైదరాబాదులోనూ, 2024 సెప్టెంబరులో విజయవాడలోనూ వరదనీళ్ళలో కార్లు మునగడం మనం చూశాం. అలాంటి బండి తుడిచి అమ్మకానికి పెడితే పైకి తెలియదు. సీటు బెల్టును చివరికంటా బయటికి లాగి చూడండి, బురద మరక కనిపించవచ్చు. కాళ్ళ దగ్గర కార్పెట్టు ఎత్తి వాసన చూడండి. మూలనున్న మడ్డి, ముక్కవాసన కనిపెట్టడంలో మనల్ని మించినవాళ్ళు ఎవరు?

ఇంతా చేసి వారంటీ కొన్నాక అన్యాయంగా కాదన్నారనుకోండి. ఊరుకోనక్కర్లేదు. 1915 నంబరుకు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం ఫిర్యాదు రాసుకుంటుంది. అక్కడ తేలకపోతే, 2019 నాటి చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోనే వినియోగదారుల కమిషనులో, కారణం ఏర్పడిన 2 ఏళ్ళలోపు ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. కానీ కాగితాలు ఉండాలి. వారంటీ పుస్తకం, రసీదులు, వాళ్ళు కాదంటూ రాసిచ్చిన జవాబు, ఇవే మన సాక్షులు.

మరి మా పక్కింటి అమ్మాయి ఏం చేసిందంటారా? సోమవారం వెళ్ళి, "షరతుల పుస్తకం పూర్తిగా ఇవ్వండి, ఇంట్లో చదివి చెబుతాం" అంది. సంతకం పెట్టాక ఇస్తామన్నారు. అక్కడితో సగం నిర్ణయం అయిపోయింది. మెకానిక్‌ని తీసుకెళితే ఆయన గేర్ బాక్సు దగ్గర ఆయిలు కారడం, క్లచ్ ప్లేటు అరగడం కనిపెట్టాడు. రెండూ చూపించి 15,000 తగ్గించుకున్నారు. ఆ 15,000తో ఆ రెండు పనులూ వెంటనే చేయించేశారు. వారంటీకి కట్టాలనుకున్న 18,000 ఆమె తన పేర బ్యాంకులో విడిగా వేసింది. పాసుపుస్తకం అట్టమీద "కారు" అని రాసుకుంది కూడా. ఏడాదిలో రిపేరు వస్తే అందులోంచి పెడుతుంది. రాకపోతే ఆ డబ్బు ఆమెదే.

"పెద్ద రిపేరొచ్చి ఇది చాలకపోతే?" అని అడిగారట ఆయన. ఆ భయం ఒట్టిదని నేననను. మెకానిక్ చూసిన బండి కాబట్టి ఆ మాత్రం సాహసం వాళ్ళు చేయగలిగారు. మీ ఇంటి పరిస్థితి వేరు కావచ్చు, మీ జవాబూ వేరు కావచ్చు. ముందు బండి చూపించండి, తరవాత అచ్చు చదవండి, ఆ తరవాతే పర్సు తెరవండి.