ట్రయల్‌కి పిలిస్తే జట్టులో ఉన్నట్టేనా?

ఐపీఎల్ వేలం దగ్గరపడిందంటే చాలు... సింగపూర్‌లో మనవాళ్ల మాటలన్నీ అటే తిరుగుతాయి. ఆదివారం సెరంగూన్ రోడ్డులో టీ తాగుతున్నా, డార్మిటరీలో వంట వంతు కోసం నిలబడినా ఒకటే చర్చ. "ఫలానా కుర్రాణ్ని చెన్నై వాళ్లు ట్రయల్‌కి పిలిచారట, ఇక వాడు చెన్నైకే" అని ఒకరంటారు. "ముంబై వాళ్లు కూడా చూశారట కదన్నా" అని ఇంకొకరు అడ్డుపడతారు. ఆ రోజుకి నిద్ర గోవిందా!

ఇంతకీ ట్రయల్ పిలుపును బట్టి ఎవరు ఏ జట్టుకు పోతారో చెప్పగలమా? కొంతవరకు చెప్పొచ్చు. ఆ 'కొంతవరకు' ఎంతవరకో తెలిస్తే సరదా సరదాగానే ఉంటుంది. తెలియకపోతే జేబుకి చిల్లు పడుతుంది, ఊళ్లో ఇంటివాళ్లకు అప్పు మిగులుతుంది.

అమెరికాలో 30 పిలుపుల లెక్క

ఈ జోస్యాన్ని పెద్ద విద్యగా మార్చింది అమెరికా అభిమానులు. వాళ్ల ఫుట్‌బాల్ మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట. వాళ్ల పెద్ద లీగు ఎన్ఎఫ్ఎల్‌లో 32 జట్లున్నాయి. కాలేజీల నుంచి వచ్చే కుర్రాళ్లను ఏటా ఏప్రిల్‌లో 'డ్రాఫ్ట్' పేరుతో పంచుకుంటాయి. వేలంపాట ఉండదు. వంతుల వారీగా 7 రౌండ్లు. కిందటి సీజన్లో అట్టడుగున నిలిచిన జట్టుకు మొదటి వంతు, కప్పు కొట్టిన జట్టుకు చివరి వంతు. కావాలంటే జట్లు తమ వంతులు మార్చుకోవచ్చు.

డ్రాఫ్ట్‌కి ముందు ఒక్కో జట్టు 30 మంది దాకా బయటి ఊళ్ల కుర్రాళ్లను తమ దగ్గరికి పిలిపించుకోవచ్చు. దగ్గరి ఊళ్లవాళ్లు ఈ లెక్కలోకి రారు. పిలిచినవాళ్లను మైదానంలో ఆడించడానికి మాత్రం వీల్లేదు. కోచ్‌లు కూర్చోబెట్టి మాట్లాడతారు. బోర్డు మీద ఎత్తులు గీయించి బుర్ర ఎలా పనిచేస్తుందో చూస్తారు. డాక్టర్లు పాత గాయాలు పరీక్షిస్తారు.

ఉన్నవి 30 పిలుపులే కాబట్టి ఏ జట్టూ ఊరికే వృథా చేయదని అభిమానుల లెక్క. అందులో నిజం ఉంది. కానీ మెలిక కూడా ఉంది. మోకాలి మీద అనుమానంతో పిలిచి, డాక్టర్ రిపోర్టు చూసి వద్దనుకోవచ్చు. పక్క జట్టును తప్పుదోవ పట్టించడానికి కూడా పిలవొచ్చు. అంటే పిలుపు ఒకటే, కారణాలు చాలా!

2020లో కోవిడ్ వల్ల ఈ పిలుపులు ఆగిపోయాయి. మాటలన్నీ వీడియో కాల్స్‌లోనే. డ్రాఫ్ట్ కూడా ఎవరిళ్లలో వాళ్లు కూర్చునే నడిపారు. అయినా 255 మందిని ఎంచుకున్నారు. పిలుపు లేకపోయినా ఎంపిక ఆగలేదన్నమాట.

మన వేలం దారి వేరు

ఇప్పుడు మన ఐపీఎల్‌కి వద్దాం. ఇక్కడ వంతులు లేవు. పేరు చదవగానే పది జట్లలో ఎవరైనా చెయ్యెత్తొచ్చు. మీరు కుర్రాణ్ని ఎంత ముందు చూసినా, పక్క బల్ల దగ్గర కూర్చున్నవాడు ఇంకో యాభై లక్షలు పెంచితే అంతే సంగతులు. అందుకే డ్రాఫ్ట్ కన్నా వేలం గురించి జోస్యం చెప్పడం కష్టం.

2024 నవంబర్ 24, 25 తేదీల్లో సౌదీలోని జెడ్డాలో జరిగిన పెద్ద వేలానికి 1,574 మంది పేర్లిచ్చారు. అమ్ముడైంది 182 మంది. ఆ వేలంలోనే రెండు కథలు చూడండి.

మొదటిది విఘ్నేశ్ పుత్తూర్‌ది. కేరళలోని మలప్పురం కుర్రాడు, ఆటోడ్రైవర్ కొడుకు. అప్పటికి రాష్ట్ర సీనియర్ జట్టుకి ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. కేరళ లీగులో ఇతని ఎడమచేతి స్పిన్ చూసిన ముంబై ఇండియన్స్ వాళ్లు ట్రయల్స్‌కి పిలిచారు. వేలంలో 30 లక్షల కనీస ధరకే తీసుకున్నారు. 2025 మార్చిలో చెపాక్‌లో చెన్నై మీద తొలి మ్యాచ్‌లోనే 3 వికెట్లు! ఇతని గురించి మిగతా జట్లకు పెద్దగా తెలియదు. అలాంటి చోట ట్రయల్ పిలుపు బాగా పనికొచ్చే ఆనవాలు.

రెండోది వైభవ్ సూర్యవంశిది. బీహార్ కుర్రాడు, అప్పటికి 13 ఏళ్లు. రాజస్థాన్ రాయల్స్ వాళ్లు నాగపూర్‌లో ట్రయల్ పెట్టి చూశారు. కానీ ఇతను అందరి కళ్లలోనూ పడ్డాడు. ఢిల్లీ కూడా పాట పాడింది. చివరికి రాజస్థాన్‌కి 1.10 కోట్లకు దక్కాడు. 2025 ఏప్రిల్ 28న గుజరాత్ మీద 35 బంతుల్లో సెంచరీ కొట్టాడు. ఇక్కడ ట్రయల్ జోస్యం ఫలించింది. ఢిల్లీ ఇంకాస్త పట్టుబట్టి ఉంటే మాత్రం లెక్క తారుమారయ్యేది.

తారుమారైన కథా ఉంది. తమిళనాడు స్పిన్నర్ వరుణ్ చక్రవర్తి చెన్నై, కోల్‌కతా జట్లకు నెట్స్‌లో బంతులేశాడు. ఈ రెండిట్లో ఒకటి కొంటుందని ఎవరైనా అనుకుంటారు. 2018 డిసెంబర్ వేలంలో పంజాబ్ 8.4 కోట్లు పెట్టి ఎగరేసుకుపోయింది! ఏడాది తర్వాత కోల్‌కతా 4 కోట్లకు తెచ్చుకుంది. 2024లో కోల్‌కతా కప్పు కొట్టినప్పుడు ఇతను తీసినవి 21 వికెట్లు.

మనవాళ్లు, మన సింగపూర్

హైదరాబాద్ ఎలక్ట్రీషియన్ కొడుకు తిలక్ వర్మను 2022లో సొంతూరి జట్టు కొంటుందని చాలామంది ఆశపడ్డారు. 20 లక్షల కనీస ధర ఉన్న కుర్రాణ్ని ముంబై 1.7 కోట్లకు తీసుకెళ్లింది. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి మాత్రం 2023లో 20 లక్షలకే సన్‌రైజర్స్‌కి దొరికాడు. సిరాజ్ సంగతి తెలిసిందే. 2016-17 రంజీలో హైదరాబాద్‌కి 41 వికెట్లు తీసిన ఈ ఆటోడ్రైవర్ కొడుకుని సన్‌రైజర్స్ 2.6 కోట్లకు కొన్నది. ఆ 41 వికెట్లు చూశాక ఇంక ట్రయల్ దేనికి?

ఇక మనం ఉంటున్న దేశం సంగతి. టిమ్ డేవిడ్ పుట్టింది సింగపూర్‌లోనే. 2019 జులైలో బాలెస్టియర్ రోడ్డులోని ఇండియన్ అసోసియేషన్ మైదానంలో సింగపూర్ తరఫున టీ20లు మొదలుపెట్టాడు. 2021లో సీజన్ మధ్యలో బెంగళూరు పిలిచింది. ఒకే ఒక్క మ్యాచ్ ఆడించింది. మరుసటి ఏడాది వేలంలో 40 లక్షల కనీస ధర 8.25 కోట్లకు ఎగబాకింది. కొన్నది మాత్రం ముంబై! బెంగళూరు మళ్లీ 2024 వేలంలో 3 కోట్లకు తెచ్చుకుని, 2025లో కప్పు కొట్టింది.

జోస్యం చెప్పేముందు...

ఇవన్నీ చూశాక మనకు తేలేది ఇదీ. పేరు బయటికి రాని కుర్రాడైతే ట్రయల్ పిలుపుకి విలువ ఎక్కువ. పేరున్నవాడైతే తక్కువ. ఒకే కుర్రాడు నాలుగు జట్ల ట్రయల్స్‌కి వెళ్తే ఏ ఒక్క జట్టు పేరూ గట్టిగా చెప్పలేం. ఆ జట్టుకి ఆ రకం ఆటగాడి అవసరం ఉందా, సంచిలో డబ్బెంత మిగిలింది, 25 మంది జట్టులో ఎన్ని ఖాళీలున్నాయి... ఇవి ట్రయల్ వార్త కన్నా ముందు చూడాల్సినవి.

ఇది మనకు కొత్త పాఠమేం కాదు. మనలో ఎంతోమంది కన్‌స్ట్రక్షన్ పనికి ఊరి దగ్గర టెస్టింగ్ సెంటర్లో స్కిల్ టెస్టు ఇచ్చి వచ్చినవాళ్లే. టెస్టు పాసైనంత మాత్రాన ఐపీఏ లెటర్ చేతికొచ్చినట్టా? లెటర్ రాకముందే ఏజెంటుకి డబ్బు కట్టి మునిగినవాళ్ల బాధ మనకు తెలుసు. ఊళ్లో తమ్ముడికో కొడుక్కో ట్రయల్ పిలుపు వస్తే సంతోషించండి, బూట్లు కొనివ్వండి. "ఇంత కడితే వేలంలో కొనిపిస్తాం" అనేవాళ్లకు మాత్రం ఒక్క డాలర్ కూడా పంపొద్దు. ఆటగాడి దగ్గర డబ్బు తీసుకుని కొనే పద్ధతి ఐపీఎల్‌లో లేదు. పేరు వెళ్లాల్సింది రాష్ట్ర క్రికెట్ సంఘం ద్వారానే.

పందేల సంగతీ అంతే. సింగపూర్‌లో 2022లో వచ్చిన చట్టం ప్రకారం లైసెన్సు లేని ఆన్‌లైన్ బెట్టింగ్‌లో డబ్బు పెడితే 10,000 డాలర్ల దాకా జరిమానా, 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. అంతటితో పర్మిట్ సంగతేమిటో కూడా ఆలోచించుకోవాలి. మన దేశంలోనూ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో చట్టం చేసి నిషేధించారు.

కాబట్టి అన్నలూ, తమ్ముళ్లూ... వాదించుకుందాం, పేర్లు రాసుకుందాం, ఎవరి జోస్యం నిజమైతే వాళ్లకి మిగతావాళ్లు టీ పోయిద్దాం. నెల జీతం మాత్రం ఇంటికే పంపుదాం!