ఒక ‘ఎస్’, మూడు ధ్వనులు

బిలాస్‌పూర్ రైల్వే పట్టణంలోని మంగ్లాలో పెరిగే తెలుగు పిల్లలకు బహువచనం మూడు భాషలలో మూడు తీరులుగా ఎదురవుతుంది. ఇంట్లో ‘రెండు ఇళ్ళు’. వీధిలో హిందీకి ‘దో ఘర్’ అంటే చాలు, ‘ఘర్’ మారదు. బడిలో ఇంగ్లీషు ‘టూ హౌజెజ్’ అనమంటుంది.

నియమం చిన్నదే: మాట చివర ‘ఎస్’ చేర్చాలి. కాని చెవికి అది మూడు విధాలుగా వినిపిస్తుంది. టికెట్ ‘టికెట్స్’, ట్రెయిన్ ‘ట్రెయిన్జ్’, కోచ్ ‘కోచెజ్’ అవుతాయి. గొంతుపై వేలు ఆనించి పలికితే కారణం తెలుస్తుంది. ‘ట్’ వద్ద కంఠం కంపించదు. ‘న్’ వద్ద కంపిస్తుంది. స్, ష్, చ్ వంటి ధ్వనుల వెంటనే మరో ‘స్’ పలకడం కష్టం. అందుకే నడుమ ఒక అచ్చు వచ్చి చేరుతుంది. వ్రాతలో అది సాధారణంగా ‘ఈ-ఎస్’.

1958లో అమెరికన్ పరిశోధకురాలు జీన్ బెర్కో చిన్నపిల్లలకు ఒక వింత ప్రాణి బొమ్మ చూపి, దాని పేరు ‘వగ్’ అని చెప్పారు. రెండుంటే ఏమంటారని అడిగితే, ఎన్నడూ వినని ఆ మాటకు చాలామంది ‘వగ్జ్’ అని బదులిచ్చారు. ‘టాస్’ అనే మరో కల్పిత పదం వద్ద మాత్రం ఎక్కువమంది తడబడ్డారు. ‘గ్లాసెజ్’ వారికి తెలియనిది కాదు. కంఠస్థమైన మాట వేరు, పట్టుబడిన సూత్రం వేరు.

రైలు ‘రైళ్ళు’గా, బండి ‘బండ్లు’గా మారడం మన పిల్లలకు చెవే నేర్పింది. ఇంగ్లీషునూ ముందు చెవికే అప్పగించాలి. ‘ఫుట్స్’ అన్న పిల్లవాణ్ణి గద్దించరాదు. నియమం వంటబట్టింది కనుకనే ఆ తప్పు దొర్లింది. ‘ఫీట్’ తరువాత వస్తుంది.