మాటలు లేని కథలో అన్వయము: ‘గొరొగోవా’

వాక్యార్థ మేర్పడుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూడును కావలెనని మన శాస్త్రకారులు చెప్పిరి. ఒక్క మాటయు లేనిచోట వీనికి పని యుండునా? ఈ ప్రశ్న నాకు గ్రంథపఠనమువలన గాక, ఫోనుపై ఆడిన యొక చిత్రక్రీడవలన కలిగినది. దాని పేరు ‘గొరొగోవా’. అమెరికా దేశీయుడగు జేసన్ రాబర్ట్స్ పెక్కేండ్లు శ్రమించి, బొమ్మలను తానే చేతితో గీసి, 2017 డిసెంబరులో దీనిని వెలువరించెను. 2018లో బాఫ్టా వారి తొలికృతి బహుమానము దీనికి లభించినది.

తెరపై రెండు వరుసలుగా నాలుగు గళ్లుండును. ఆటగాడు చేయదగిన పనులు స్వల్పములు: బొమ్మను సమీపించుట, వెనుకకు మరలుట, గడినుండి గడికి దానిని జరుపుట, కొన్నియెడల చట్రమును మాత్రమే యెత్తి వేరొక బొమ్మపై నుంచుట. ఒక బాలుడు కిటికీనుండి వింతజంతువును జూచి, ఐదు రంగుల పండ్లను సేకరింప బూనును. కొమ్మ గల బొమ్మను పై గడిలోను, పాత్ర గల బొమ్మను క్రింది గడిలోను నుంచినచో, పై చిత్రమున రాలిన పండు క్రింది చిత్రములోని పాత్రలో పడును. సగములో తెగిన గీత తనకు శేషమును కోరుట ఆకాంక్ష; గళ్లు ప్రక్కప్రక్కన నిలుచుట సన్నిధి. ఈ వ్యాకరణము నెవరును చెప్పరు. చేయి జరుపుచుండగా కన్ను నేర్చుకొనును. ఈ క్రీడకుగల ప్రధానగుణ మిదియే. మార్కులు లేవు, శత్రువులు లేరు. జోయెల్ కోరెలిట్జ్ సంగీతము మెల్లగా నడచును.

చిక్కంతయు యోగ్యతకడ వచ్చినది. ‘నిప్పుతో తడుపుచున్నాడు’ అన్నచో పదములు చేరియు అర్థము పొసగదు. ఇచటనో, వంపుతో వంపు కలిసిన చాలును, అన్వయము కుదిరినట్లే. ఉన్నవి నాలుగే గళ్లు గనుక, తోచనివాడు బొమ్మలను త్రిప్పిత్రిప్పి యైనను గెలువగలడు. చివరి భాగమున తగిన క్షణమునకే గడులు మార్పవలసిన ఘట్టములు కలవు. అంతవరకు నిలిచిన ప్రశాంతత అచట చెడును. రెండుమూడు గంటలలో ఆట ముగియుట నాకు దోషముగా తోచలేదు.

నేను తొలిమారు ఒక్క రాత్రిలో ముగించి, మరునాడు తరగతిలో కొంత గొప్పగానే చెప్పితిని. దాని నాడియుండిన శోధకవిద్యార్థిని యొకతె, “ఆ ముసలాయన ఎవరండీ?” అని యడిగినది. చెప్పలేకపోతిని. చిక్కులన్నియు విప్పితిని గాని కథను చదువనే లేదు. వ్యంగ్యము వాచ్యముద్వారా అందవలెనని ఏటేట పాఠము చెప్పు నేను, వాచ్యమును దాటిపోయితినని అప్పుడే యెఱుగకపోతిని.

మాటలు లేని కృతి యెల్లభాషలవారికి సమానముగా బోధపడునని తఱచు విందుము. ఆటను ముగించుట వఱకే ఆ మాట నిజము. అర్థము చేసికొనుటకు నాకు రెండవమారు ఆడవలసివచ్చినది. అప్పుడు గడులను కదల్పక, కిటికీల వెలుపలి నగరమును మాత్రమే చూచుచు కూర్చుంటిని. యుద్ధమున కూలిన యిండ్లు, గాయపడిన యువకుడు, పుస్తకములముందు వంగిన వృద్ధుడు, అందఱును ఆ బాలుడే.