పల్స్ ఆక్సీమీటరు చూపే అంకె : దాని వెనుక ఉన్న కాంతి, లెక్క, పరిమితులు

(ప్రత్యేక వ్యాసం)

కోవిడ్ మహమ్మారి ప్రబలిన 2020, 2021 సంవత్సరాలలో మారుమూల పల్లెలలో సైతం వినవచ్చిన ప్రశ్న "ఆక్సిజన్ ఎంత ఉంది?" అన్నది. వేలికి తగిలించే చిన్న పరికరం చూపే అంకెను బట్టి రోగిని ఇంటనే ఉంచవలెనా, ఆసుపత్రికి తరలించవలెనా అన్న నిర్ణయం జరిగేది. ఆ అంకె 94 శాతం కంటె తగ్గినచో వెంటనే వైద్య సహాయం పొందవలెనని 2021 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ గృహ ఏకాంత మార్గదర్శకాలలో సూచించింది. అయితే ఈ పరికరం రక్తాన్ని నేరుగా పరీక్షించదు. రెండు కాంతులు వేలిగుండా ప్రయాణించి ఎంత క్షీణించినవో పోల్చి, ఒక అంచనాను మాత్రమే తెలుపుతుంది. వార్త రాసే పాత్రికేయులకు, పరికరాలు కొనుగోలు చేసే అధికారులకు ఈ తేడా తెలిసి ఉండడం అవసరం.

పరికరంలో ఒక వైపు రెండు ఎల్.ఇ.డి. దీపాలు ఉంటాయి. ఒకటి సుమారు 660 నానోమీటర్ల ఎరుపు కాంతిని, రెండవది సుమారు 940 నానోమీటర్ల పరారుణ కాంతిని వెలువరిస్తుంది. పరారుణ కాంతి కంటికి కనిపించదు. ఆక్సిజన్ కోల్పోయిన హిమోగ్లోబిన్ ఎరుపు కాంతిని ఎక్కువగా పీల్చుకొనగా, ఆక్సిజన్‌తో కూడిన హిమోగ్లోబిన్ పరారుణ కాంతిని కొంత ఎక్కువగా పీల్చుకుంటుంది. వేలికి ఆవలి వైపున ఉన్న ఫోటోడయోడు తనను చేరిన కాంతిని విద్యుత్ ప్రవాహంగా మారుస్తుంది.

వేలిలో రక్తమే కాక చర్మం, ఎముక, గోరు కూడా కాంతిని అడ్డుకుంటాయి. వీటి నుండి ధమని రక్తాన్ని వేరు చేసి చూడడం ఎట్లు అన్న చిక్కు చాలాకాలం తెగలేదు. దానిని విడదీసినవారు జపాన్‌కు చెందిన తకువో అవోయాగి. 1958లో నీగాటా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా పొందిన ఆయన నిహోన్ కోడెన్ సంస్థలో పనిచేస్తూ, రక్తంలోకి ఎక్కించిన రంగు ఎంత వేగంగా పలుచబడుతున్నదో చెవి తమ్మె వద్ద కాంతితో కొలిచి, గుండె పంపే రక్త పరిమాణాన్ని తెలుసుకొనగోరారు. నాడి కొట్టుకున్నప్పుడల్లా కొలత రేఖ అలలుగా చెదిరి ఆ ప్రయత్నాన్ని చెడగొట్టేది. రెండు తరంగదైర్ఘ్యాల కాంతిని వాడి ఆ అలలను తొలగించబోగా, ఆక్సిజన్ మారినప్పుడు అవి పూర్తిగా తొలగలేదు. ఆ అల ధమని రక్తపు సమాచారమేనని అవోయాగి గ్రహించారు. చర్మం, ఎముక మారవు. నాడితో పాటు మారేది ధమని రక్తం ఒక్కటే. 1974లో ఈ పద్ధతికి పేటెంటు దరఖాస్తు దాఖలైనది. ఆయన 2020 ఏప్రిల్‌లో, ప్రపంచమంతా ఈ పరికరం కొరకు వెదకుతున్న నెలలోనే, టోక్యోలో కన్నుమూశారు.

పరికరంలోని ఎలక్ట్రానిక్ సర్క్యూట్ చేసే పని సులభమైనది కాదు. ఫోటోడయోడును చేరే కాంతిలో నాడితో మారే భాగం సాధారణంగా నూటికి ఒకటి, రెండు పాళ్ళు మాత్రమే. చేయి చల్లబడితే అది మరింత తగ్గుతుంది. ఒకే ఫోటోడయోడుతో రెండు కాంతులను వేరుగా గుర్తించడానికి దీపాలను సెకనుకు వందల సార్లు ఒకదాని తరువాత ఒకటి వెలిగిస్తారు. రెండూ ఆరిన క్షణంలో గది వెలుతురును కొలిచి దానిని లెక్క నుండి తీసివేస్తారు. మైక్రో ఆంపియర్లలో ఉండే ప్రవాహాన్ని యాంప్లిఫయరు వోల్టేజిగా మార్చి పెంచుతుంది. నాసిరకం పరికరాలు తప్పటడుగు వేసేది ఇక్కడనే. లభించిన సంకేతం నిజంగా నాడి కొట్టుకోవడమేనా అన్న తనిఖీ లేనప్పుడు, పరికరం ఏదో ఒక అంకెను చూపుతూనే ఉంటుంది. 2021లో వేలికి బదులు పెన్సిలు పెట్టినా అంకె చూపిన వీడియోలు ప్రచారమయ్యాయి.

ఇక లెక్క విషయం. రెండు కాంతులలోని నాడి భాగాల నిష్పత్తిని పరికరం కనుగొంటుంది. నిష్పత్తి 1 అయితే ఆక్సిజన్ సుమారు 85 శాతం. ఏ నిష్పత్తికి ఎంత శాతమన్న పట్టిక సిద్ధాంతం నుండి నేరుగా వచ్చినది కాదు. ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద సేవకులకు ఆక్సిజన్ తగ్గించిన గాలిని పీల్పించి, వారి ధమని రక్త పరీక్షలతో పోల్చి తయారు చేసినది. మనుషులను 70 శాతం కంటె దిగువకు తీసుకొనిపోవడం తగదు కనుక, ఆ దిగువన చూపే అంకెలు ఊహకు దగ్గర.

తయారీదారులు ముద్రించే "ప్లస్ ఆర్ మైనస్ 2 శాతం" అన్న మాటను కూడ అర్థం చేసుకొనవలసి ఉంది. ప్రతి కొలతా 2 శాతం లోపలే ఉంటుందని దాని భావం కాదు. సుమారు మూడింట రెండు వంతుల కొలతలు ఆ హద్దులో ఉంటాయని మాత్రమే. ఆమోదం పొందిన పరికరం 90 చూపినప్పుడు అసలు విలువ 86 నుండి 94 వరకు ఎక్కడైనా ఉండవచ్చునని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2021లో తెలిపింది.

మన ప్రాంతానికి మరింత ముఖ్యమైన విషయం మేనిచాయ. మిచిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. పరికరం 92 నుండి 96 చూపినప్పటికీ రక్తపరీక్షలో 88 కంటె తక్కువ తేలిన సందర్భాలు నల్లజాతి రోగులలో 11.7 శాతం కాగా, తెల్లజాతి రోగులలో 3.6 శాతం. చర్మపు రంగు మారదు కనుక నిష్పత్తిలో అది రద్దు కావలసినదే. అయితే ఎల్.ఇ.డి. కాంతి కచ్చితంగా ఒకే తరంగదైర్ఘ్యం కాక కొంత వ్యాపించి ఉంటుంది. అందులో కొంత భాగాన్ని మెలనిన్ ఎక్కువగా మింగివేయడం ఒక కారణమని పరిశోధకులు భావిస్తున్నారు. చామనచాయ, నలుపు రంగు ప్రజలు అధికంగా ఉన్నచోట దీనిని పరదేశపు సమస్యగా భావించరాదు.

క్షేత్రస్థాయి సిబ్బంది గమనించవలసినవి మరికొన్ని ఉన్నాయి. గోళ్ళ రంగు, నల్లని మెహందీ పూత, నేరుగా పడే ఎండ, వణికే చేయి కొలతను చెడగొట్టగలవు. రోగిని కొద్ది నిమిషాలు కూర్చుండబెట్టి, చేతిని వెచ్చబరచి, అంకె నిలకడగా ఉన్న తరువాతనే సమయంతో సహా నమోదు చేయవలెను. మూసిన గదిలో కుంపటి పొగ పీల్చినవారిలో కార్బన్ మోనాక్సైడు చేరిన హిమోగ్లోబిన్‌ను సాధారణ పరికరం ఆక్సిజన్ ఉన్నదిగానే లెక్కిస్తుంది. ప్రాణాపాయంలోనూ అంకె బాగుండవచ్చును. రక్తహీనత ఉన్న గర్భిణికి 98 చూపినా, అది ఉన్న హిమోగ్లోబిన్‌లో శాతమే తప్ప మొత్తం ఆక్సిజన్ ఎంతో చెప్పదు.

ధర విషయమై కేంద్రం 2021 జులైలో పల్స్ ఆక్సీమీటర్లతో సహా అయిదు వైద్య పరికరాల వ్యాపార లాభానికి 70 శాతం పరిమితి విధించింది. అయితే టెండరు పత్రాలలో ధరతో పాటు కచ్చితత్వాన్ని రుజువు చేసే మానవ పరీక్షల నివేదికను కూడ కోరవలసి ఉంటుంది. అమెరికా సంస్థ 2013 మార్గదర్శకాలలో కనీసం 10 మందిపై పరీక్ష చాలునన్నది. 2025 జనవరిలో విడుదల చేసిన ముసాయిదాలో ఆ సంఖ్యను 150కి పెంచి, వివిధ మేనిచాయల వారిని చేర్చవలెనని సూచించింది. ఎందరిపై పరీక్షించారు, వారిలో నల్లని మేనిచాయ గలవారు ఎందరు అన్న రెండు ప్రశ్నలను సరఫరాదారుని అడిగేందుకు కొనుగోలు అధికారులకు ప్రత్యేక సాంకేతిక పరిజ్ఞానం అవసరం లేదు.

- పౌర సంబంధాల అధికారి