మీకు తెలుసా? చెవిలో హోరు, చెవుడు
బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు నాపరాయి కోసే రంపం దగ్గర ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు మిషన్ ఆగిపోయి, ఇంటికెళ్లి పడుకున్నాక కూడా చెవిలో గుయ్‌మని మోత వినిపించవచ్చు. పెద్ద చప్పుడుకు లోపలి చెవిలోని సన్నని కేశకణాలు చచ్చిపోతాయి, మళ్లీ మొలవవు. అందాల్సిన శబ్దం తగ్గడంతో మెదడు తన స్పందనను పెంచుకుంటుందని, హోరు అందులోంచే పుడుతుందని ఎక్కువమంది నిపుణులు భావిస్తున్నారు.

చెవుడు ఎంత ఉంటే హోరు బాధ కూడా అంతే ఉంటుందనుకోకండి. చెవుడు కాస్తే ఉన్నా నిద్ర పట్టక నలిగిపోయేవాళ్లున్నారు, బాగా చెవుడొచ్చినా హోరును పట్టించుకోనివాళ్లూ ఉన్నారు. దిగులు, భయం, నిద్రలేమి బాధను పెంచుతాయి. "వయసైపోయింది, ఇంతేలే నాయనా" అని తీసిపారేయడం అన్యాయం. వినికిడి తగ్గినవాళ్లలో కొందరికి చెవి మిషన్ పెట్టుకుంటే మాటలు అంది, హోరు వెనక్కి తగ్గుతుంది. ఉన్నట్టుండి వినికిడి పోతే మాత్రం ఆ రోజే డాక్టరుకు చూపించాలి. కర్నూలు పెద్దాసుపత్రిలో, కడప రిమ్స్‌లో ఈఎన్‌టీ విభాగాలున్నాయి.