ఒకటో తరగతికి ముందు ఇంట్లో జరగవలసిన చదువు

నూజివీడు ప్రాంతంలో ఏడాది లెక్క మామిడి చెట్టుతో నడుస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో పూత, ఆపై పిందె, మార్చి చివరి నుండి కోత. జూన్ నడిమికి తోటలు దాదాపు ఖాళీ అవుతాయి. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాలలోనూ, జిల్లా సరిహద్దు దాటి విస్సన్నపేట, రెడ్డిగూడెం, మైలవరం వైపునా బంగినపల్లి, కలెక్టరు, చిన్న రసాలు, పెద్ద రసాల మీద ఆధారపడి బ్రతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తోటను గుత్తకు తీసుకున్నవారు, కాపలా కాసేవారు, కాయ కోసేవారు, బుట్టలు సర్దేవారు, బండ్ల మీద పండ్లు అమ్మేవారు, వీరందరి ఇళ్లలోనూ బడికి వెళ్లే చిన్నారులు ఉన్నారు.

బడి లెక్క వేరుగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో సాధారణంగా జూన్ 12న బడులు తెరుస్తారు. మార్చి నడిమి నుండి ఒంటిపూట బడులు నడుస్తాయి. ఏప్రిల్ మూడో వారం దాటాక వేసవి సెలవులు ఇస్తారు. అంటే విద్యా సంవత్సరంలోని చివరి వారాలు కోత మొదలయ్యే రోజుల మీద పడతాయి. కొత్త తరగతి తొలి రోజులు ఇంటివారు సీజను లెక్కలు తేల్చుకునే రోజుల మీద పడతాయి. ఈ రెండు లెక్కల నడుమ నలిగేది ఐదారేళ్ల పసివాడు. ఆ పసివాడిని బడికి ఎలా సిద్ధం చేయాలి, బడి అతని నుండి ఏమి ఆశిస్తుంది, బడి నుండి మనం ఏమి ఆశించాలి అన్నవి ప్రతి తల్లీ తండ్రీ ఆలోచించవలసిన విషయాలు.

అక్షరాలకంటే ముందు

బిడ్డ బడికి సిద్ధంగా ఉన్నాడా అని అడిగితే చాలామంది తల్లిదండ్రులు, “వందవరకు అంకెలు చెబుతాడు, ఏ బి సి డి లు వచ్చు” అని జవాబిస్తారు. అవి వస్తే మంచిదే. కాని ఒకటో తరగతి ఉపాధ్యాయురాలికి తొలి నెలలో అంతకంటే ఎక్కువగా కావలసినవి వేరే ఉన్నాయి. తల్లి చెయ్యి వదిలి తరగతిలో కూర్చోగలగడం, పది పదిహేను నిమిషాలు ఒక పని మీద నిలవడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, “పలక తీసి నా దగ్గరకు రా” వంటి రెండు పనుల మాటను విని అలాగే చేయడం, మరుగుదొడ్డి అవసరాన్ని నోటితో చెప్పడం, తన చేత్తో తిని చేతులు కడుక్కోవడం, తీసిన వస్తువును తిరిగి అక్కడే పెట్టడం. చదువు నిలిచే పునాది ఇది.

ఈ అలవాట్లు పుట్టుకతో రావు. ఎవరో చూపించాలి, చేయించాలి, మరచిపోతే మళ్లీ చూపించాలి. “బుద్ధిగా ఉండు” అన్న మాట పెద్దలకు అర్థమవుతుంది. ఆరేళ్ల బిడ్డకు దానిలో చేయవలసిన పని ఏదీ కనబడదు. “టీచరు మాట్లాడుతున్నప్పుడు ఆమె ముఖం వైపు చూడు”, “నీకు చెప్పాలని ఉంటే చెయ్యి ఎత్తు” అంటే చేయవలసిన పని తెలుస్తుంది. దివ్య ఖురాన్‌లో హజ్రత్ లుఖ్మాన్ తన కుమారునికి చేసిన హితబోధ ఉంది. అక్కడ ఆ తండ్రి ప్రేమగా పిలిచి, ఎలా నడవాలో, గొంతు ఎంతలో ఉంచాలో కూడా విడమరచి చెబుతాడు. ప్రవర్తనను నేర్పవలసిన తీరు అదే.

అల్లరి వెనుక ఉన్నది ఏమిటి?

తరగతిలో నిలవని బిడ్డను అల్లరివాడని, మాట్లాడని బిడ్డను మొద్దు అని పేరు పెట్టడం సులభం. ఆ పేరు ఒకసారి అంటుకుంటే ఐదో తరగతి దాకా వదలదు. కనుక పేరు పెట్టేముందు పరిశీలించవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

మొదటిది నిద్ర. ఈ వయసు పిల్లలకు రోజుకు తొమ్మిది నుండి పన్నెండు గంటల నిద్ర అవసరమని శిశు వైద్యులు చెబుతారు. సీజనులో కాయ లోడు కదిలేసరికి అర్ధరాత్రి అవుతుంది. ఇంట్లో దీపాలు ఆరవు, బిడ్డ చేతిలో ఫోను ఉంటుంది. అదే బిడ్డ తెల్లవారగానే మక్తబ్‌కు వెళ్లి, అక్కడి నుండి బడికి వస్తాడు. పదకొండు గంటలకు అతడు చిరాకు పడితే అది స్వభావ దోషం కాదు. మక్తబ్‌కు వేకువనే లేవవలసిన బిడ్డ ఇషా నమాజు ముగియగానే పడుకోవాలి.

రెండవది ఆకలి. మన రాష్ట్రంలో వండిన మధ్యాహ్న భోజనం 2003 నుండి బడులలో అమలవుతోంది. కాని ఉదయం ఏమీ తినకుండా వచ్చిన బిడ్డ ఆ భోజనం దాకా పాఠం మీద మనసు నిలపలేడు. మూడవది చూపు, వినికిడి. నల్లబల్ల కనబడని బిడ్డ పక్కవాడి పలకలోకి తొంగి చూస్తాడు. చెవిలో చీముతో సరిగా వినబడని బిడ్డ పిలిస్తే పలకడు. ఈ రెండింటినీ అవిధేయత అనుకోవడం అన్యాయం. ఒకసారి వైద్యునికి చూపిస్తే తేలిపోయే విషయాలివి.

నాల్గవది భాష. మన ఇళ్లలో కొన్నింట ఉర్దూ, కొన్నింట తెలుగు, చాలాచోట్ల రెండూ కలిసిన మాట నడుస్తుంది. ప్రభుత్వ బడులలో 2020-21 నుండి ఒక పుట ఇంగ్లీషులో, ఎదుటి పుట తెలుగులో ఉండే పాఠ్య పుస్తకాలు వచ్చాయి. ఇంటి మాట ఒకటి, బడి మాట ఇంకొకటి అయినప్పుడు బిడ్డ కొన్ని నెలలు మౌనంగా వింటూ ఉండిపోవడం సహజం. వీలైనంత వరకు మాతృభాషలోనే బోధన సాగాలని విద్యా హక్కు చట్టంలోని 29వ సెక్షను చెబుతోంది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారో తల్లి తొలిరోజే టీచరుకు చెబితే ఎన్నో అపార్థాలు తొలగిపోతాయి.

“ఎముకలు మావి, మాంసం మీది”

పిల్లవాడిని ఉస్తాద్‌కు గాని, మాస్టారుకు గాని అప్పగిస్తూ పెద్దలు అనే మాట ఇది. గురువు మీద గౌరవంతోనే అంటారు. కాని దాని అర్థం కొట్టడానికి అనుమతి ఇవ్వడమే. ఆ అనుమతి ఇచ్చే అధికారం ఇప్పుడు తల్లిదండ్రులకు లేదు. మన రాష్ట్రం బడులలో శారీరక దండనను 2002లోనే నిషేధించింది. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యా హక్కు చట్టం 17వ సెక్షను ద్వారా దెబ్బలతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. తరగతి అందరి ఎదుట అవమానించడం కూడా దాని కిందికే వస్తుంది.

చట్టం సంగతి అలా ఉంచి, దెబ్బ ఏమి నేర్పుతుందో చూద్దాం. బెత్తం చూసి నిశ్శబ్దంగా కూర్చున్న బిడ్డ కళ్లు పుస్తకం మీద ఉన్నా ధ్యాస బెత్తం మీద ఉంటుంది. తెలియనిది అడగడం మానేస్తాడు. తప్పు దాచడం, పక్కవాడి మీదికి నెట్టడం నేర్చుకుంటాడు. కొంతకాలానికి బడి పేరు చెప్పగానే కడుపునొప్పి అంటాడు. సీజను పని పేరు చెప్పి బడి మానేందుకు మొదట ఉత్సాహపడేది ఇలాంటి పిల్లలే.

గుజరాత్‌కు చెందిన విద్యావేత్త గిజూభాయి బధేకా 1930ల తొలినాళ్లలో రాసిన ‘పగటి కల’ ఉపాధ్యాయ లోకానికి సుపరిచితం. అందులోని ఉపాధ్యాయుడు తొలిరోజు తరగతిలో మౌనం ఆట ఆడించబోతాడు. పిల్లలు రకరకాల కూతలతో దానిని చెడగొడతారు. అతడు బెత్తం అందుకోడు. తన పద్ధతి మార్చుకుని కథ మొదలుపెడతాడు. కథ వినాలనే కోరికే తరగతికి క్రమశిక్షణ తెస్తుంది. నియమాలు తక్కువగా ఉండాలి, చేయవలసింది చెప్పాలి, మొదటి వారాలలో వాటిని పాఠంలాగే అభ్యాసం చేయించాలి, బాగా చేసిన వెంటనే గుర్తించి చెప్పాలి. అనుభవం ఉన్న ఉపాధ్యాయులు నేటికీ చేసేది ఇదే.

అయితే కొట్టకపోవడమంటే వదిలేయడం కాదు. ఇంట్లో ఏది అడిగినా వెంటనే దొరికే బిడ్డకు బడిలో వంతు కోసం ఆగడం శిక్షలాగే తోస్తుంది. “కాదు” అన్న మాటను ప్రేమగా చెప్పి దానిమీద నిలబడడం కూడా తల్లిదండ్రుల బాధ్యతే.

ఇరవై రోజుల ఖరీదు

ప్రాథమిక తరగతులకు ఏడాదికి కనీసం 200 పని దినాలు ఉండాలని విద్యా హక్కు చట్టం నిర్దేశించింది. ఏప్రిల్‌లో పది రోజులు, జూన్‌లో పది రోజులు బడి మానిన బిడ్డ ఆ ఏడాది చదువులో పదో వంతు పోగొట్టుకున్నట్లు. పోయేది పాఠాలు మాత్రమే కాదు. జూన్ తొలి వారాలలో తరగతి నియమాలు, స్నేహాలు, టీచరుతో పరిచయం ఏర్పడతాయి. ఆలస్యంగా వచ్చిన బిడ్డకు అందరికీ తెలిసినవి తెలియవు. అతడు తడబడతాడు, ఆ తడబాటే అల్లరిగా కనబడుతుంది.

మూడో తరగతి పూర్తయ్యే నాటికి ప్రతి బిడ్డ అర్థం చేసుకుంటూ చదవాలన్నది 2021 జూలైలో ప్రారంభమైన నిపుణ్ భారత్ లక్ష్యం. అదే నెలలో వచ్చిన విద్యా ప్రవేశ్ కార్యక్రమం ఒకటో తరగతిలోని తొలి మూడు నెలలను ఆటపాటల ద్వారా బడికి అలవాటు చేయడానికే కేటాయించింది. సీజను పేరుతో మనం పోగొడుతున్నది ఆ నెలలలోని రోజులనే. నూజివీడులో 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చినప్పటి నుండి ఈ ప్రాంతపు తల్లిదండ్రులు బిడ్డ అక్కడ చదవాలని కలలు కంటున్నారు. ఆ కలకు తొలి మెట్టు ఒకటో తరగతి హాజరు పట్టీలో ఉంది.

తోట కాపలాకు కుటుంబమంతా తరలవలసిన పరిస్థితి నిజమైనదే. అప్పుడు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. సెలవులు ఇచ్చేదాకా బిడ్డను ఊరిలో నానీ దగ్గరో, దాదీ దగ్గరో ఉంచవచ్చు. ఒంటిపూట బడి ముగిశాక తోటకు తీసుకువెళ్లవచ్చు. తప్పనిసరై మరో ఊరికి మారితే అక్కడి బడిలో చేర్చవచ్చు. బదిలీ పత్రం ఆలస్యమైందని చేర్చుకోకపోవడం చట్టవిరుద్ధం. తోటలో ఉన్న రోజులలో బుట్టలోని కాయలు లెక్కించడం, రసాలు, కలెక్టరు కాయలు వేరు చేయడం, సంచుల మీద పేర్లు చదవడం చదువే. అయితే కాయ కోత, బరువు మోత మాత్రం ఆ వయసు బిడ్డ పని కాదు.

బడిని మనం అడగవలసినవి

బిడ్డ సిద్ధంగా ఉండడం, కుటుంబం సిద్ధంగా ఉండడం, బడి సిద్ధంగా ఉండడం, ఈ మూడూ కలిస్తేనే సంసిద్ధత అని యునిసెఫ్ వివరిస్తుంది. చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యులలో సగం స్త్రీలు ఉండాలి. ఉపాధ్యాయులు తల్లిదండ్రులతో క్రమంగా సమావేశం కావాలి. మన రాష్ట్రంలో 2024 డిసెంబరు 7న ప్రభుత్వ బడులన్నింటా ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశం జరిగింది. ఇలాంటి చోటికి అమ్మీ, అబ్బా ఇద్దరూ వెళ్లాలి. పనిరోజు కూలి పోతుందని తండ్రి, పర్దా కారణంగా సంకోచించి తల్లి ఆగిపోతే బిడ్డ తరఫున మాట్లాడేవారు ఉండరు.

వెళ్లినప్పుడు మార్కుల గురించి మాత్రమే అడగవద్దు. మా బిడ్డ ఎవరితో ఆడుతున్నాడు, ఏ వేళకు అలసిపోతున్నాడు, తెలియనిది అడుగుతున్నాడా, తరగతి నియమాలు ఏవి అని అడగండి. ఆ నియమాలనే ఇంట్లోనూ పాటించండి. ఇంటి నియమం, బడి నియమం ఒకటైతే బిడ్డకు సగం భారం తగ్గుతుంది.

జూన్ 12 కంటే ముందు

మే చివరి రెండు వారాలు ఇందుకు సరిపోతాయి. పడుకునే వేళను రోజుకు పావుగంట చొప్పున ముందుకు జరపండి. ఉదయం తిని బయలుదేరే అలవాటు చేయించండి. రాత్రి పడుకునేముందు ఒక కథ చెప్పండి, మధ్యలో ఆపి, తరువాత ఏమై ఉంటుందని అడగండి. సంచి తానే సర్దుకోనివ్వండి, ఆలస్యమైనా మీరు అందుకోవద్దు. తోబుట్టువులతో వంతులవారీగా ఆడే ఆట ఆడించండి. ఓడిపోయినప్పుడు ఏడ్చే బిడ్డకు ఓటమి భరించడం ఇంట్లోనే నేర్పాలి. ఒకసారి బడి దాకా నడిపించి, తరగతి గది, నీళ్ల కుళాయి, మరుగుదొడ్డి ఎక్కడున్నాయో చూపించండి. “బడికి వెళ్తే నీ సంగతి టీచరు చూస్తుంది” అని బెదిరించే మాటను ఇంటిల్లిపాదీ మానండి.

తొలివారంలో బిడ్డ ఏడవవచ్చు. గేటు దగ్గర దాక్కుని వెళ్లిపోకుండా, “బడి వదిలే వేళకు వస్తాను” అని చెప్పి వెళ్లండి. ఆ వేళకు తప్పక అక్కడ ఉండండి. మాట నిలబెట్టుకోవడం అంటే ఏమిటో ఆ బిడ్డ బడిలో అడుగుపెట్టిన తొలిరోజే మీ నుండి నేర్చుకుంటాడు.