లంగరు, ఏకాంతవాసి: ఒకే ఉచ్చారణ, రెండు ధాతువులు

ఇంగ్లీషులో ఓడ లంగరును "యాంకర్" అందురు. మధ్యయుగములో, చర్చి గోడకు ఆనించి కట్టిన గదిలో జీవితాంతము ఉండుటకు ప్రతిష్ఠించుకొనిన వ్యక్తిని కూడ "యాంకర్" అనేవారు. ఇప్పుడు "యాంకరైట్" అందురు, స్త్రీయైతే "యాంకరెస్". "యాంకరేజ్" అనగా ఓడలు లంగరు వేయు చోటు. ఒకప్పుడు ఆ ఏకాంతవాసి గదికి కూడ అదే పేరు. ఈ పోలికనుబట్టి హెబ్రీ 6:19ని ఏకాంతవాసమునకు ఆధారముగా ప్రసంగించుట సులభమే గాని, అది నిలువదు.

ఆ వచనములోని గ్రీకు పదము "ఆంకురా". అదే లాటిన్ ద్వారా ఇంగ్లీషులోనికి వచ్చి ఓడ లంగరుకు పేరైనది. ఏకాంతవాసి పేరుకు మూలము వేరు: "అనఖోరెయో", అనగా తొలగిపోవుట. 13వ శతాబ్దపు ఆరంభములో ఇంగ్లండులో యాంకరెస్‌ల కొరకు వ్రాయబడిన "ఆంక్రెన్ విస్సె" ఈ రెంటిని ముడివేసినది: ఓడకు లంగరువలె ఆమె సంఘమును తుఫానులో నిలుపవలెనట! చక్కని ఉపమానమే, వ్యుత్పత్తి మాత్రము కాదు.

పైగా "అనఖోరెయో" సామాన్యమైన క్రియ. మత్తయి 2:14లో యోసేపు ఐగుప్తునకు వెళ్లుటకు అదే క్రియ. 27:5లో యూదా వెండి నాణెములు పారవేసి వెళ్లిపోవుటకును అదే! కనుక పదములో పరిశుద్ధత లేదు. ఎవరు, ఎందుకు తొలగిరో సందర్భమే తెలుపవలెను. 14:13లో యేసు అరణ్యప్రదేశమునకు తొలగిపోయెను. మరుసటి వచనములోనే జనసమూహమును చూచి కనికరపడి రోగులను స్వస్థపరచెను. యాంకరెస్ గదికి కూడ బయటివారితో మాటలాడుటకు కిటికీ ఉండెడిది. నార్విచ్‌లో జూలియన్ యొద్దకు సుమారు 1413లో మార్జరీ కెంప్ ఆలోచన అడుగుటకు వచ్చినది.